తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం ఎలా?

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని పెద్దలు గట్టిగానే చెప్పారు. అన్నం పెట్టినవాళ్ళ అరుగు మీదే కూర్చుని, వాళ్ళ ఇంటికి ఎక్కడ కన్నం వేద్దామా అని పైకప్పుకేసి చూసేవాడి గురించి పుట్టిన మాట అది. అందులో తప్పేం లేదు. కానీ రాయడం మొదలుపెట్టాక నాకింకో సంగతి తెలిసొచ్చింది. తిన్న ఇంటికి వాసాలెన్నో ఏనాడూ చూడనివాడు కూడా పెద్ద విశ్వాసం ఉన్నవాడేమీ కాదు. ఆ వాసాలు వెదురువా, తాటివా? ఎవరు కోశారు, ఎవరు పైకెత్తారు? గాలివానకి ఒకటి విరిగితే ఏం అమ్మి మళ్ళీ వేయించారు? ఇవేవీ పట్టకుండా తిని, చెయ్యి కడుక్కుని, "థాంక్సండీ" అని వెళ్ళిపోతే అది మర్యాద అవుతుంది. కృతజ్ఞత అనిపించుకోదు.

కృతజ్ఞత అనే మాటని విడదీసి చూడండి. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే తెలిసినవాడు. పొగడ్త గానీ దండం గానీ ఆ మాటలో లేవు. అవతలివాళ్ళు ఏం చేశారో తెలిసి ఉండటం, అంతే. రాసేవాళ్ళకి కావలసిందీ అదేనని నా నమ్మకం. అందుకే రాయడం అలవాటు చేసుకోవాలనుకునేవాళ్ళు ఎవరైనా అడిగితే, కథ కాదు, కవిత కాదు, ముందు ఒక మనిషి మీకు చేసినదాన్ని ఒక్క పేజీలో రాయమంటాను. ఎలా రాయాలో ఇక్కడ చెబుతున్నాను. కొన్నేళ్ళుగా నేను ఇలాగే రాస్తున్నాను, బోలెడు పేజీలు పాడుచేశాను కూడా.

ముందు పుస్తకం, టైమ్

వంద పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. కుడి పేజీలోనే రాయండి. ఎడమ పేజీ ఖాళీగా ఉంచండి, దాని పని తర్వాత చెబుతాను. ఫోన్‌లో రాసుకున్నా ఫర్వాలేదు గానీ, ఫోన్‌లో ఎడమ పేజీ ఉండదు.

రోజూ రాయకండి. వారానికోసారి చాలు. ఇది బద్ధకంతో చెప్పే మాట కాదు. అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరిని మూడు గుంపులు చేసి, పది వారాల పాటు వారానికోసారి రాయించారు. ఒక గుంపు తమకు జరిగిన మేళ్ళు రాసింది, రెండో గుంపు చిరాకులు రాసింది, మూడో గుంపు జరిగినవి జరిగినట్టు రాసింది. మేళ్ళు రాసినవాళ్ళకి తమ బతుకు మీద కాస్త సంతృప్తి పెరిగిందని 2003లో ప్రచురించారు. తర్వాత కాలిఫోర్నియాలో సోన్యా ల్యుబొమిర్‌స్కీ బృందం ఆరు వారాలు ఇంకో రకంగా చూసింది. వారానికోసారి రాసినవాళ్ళలో మార్పు కనిపించింది, మూడుసార్లు రాసినవాళ్ళలో కనిపించలేదు. మనకి ఇది కొత్త సంగతేమీ కాదు. భక్తితో మొక్కిన మొక్కు నుంచి వచ్చిన 'మొక్కుబడి' అనే మాట ఇవాళ ఏ అర్థంలో వాడుతున్నామో చూడండి.

నేను ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఇంట్లో అందరూ ఒక కునుకు తీసే వేళ కూర్చుంటాను. నలభై నిమిషాలు. అది దాటితే నాకూ కునుకు వస్తుంది.

ఎవరి గురించి?

అమ్మతో మొదలుపెట్టకండి. దేవుడితో, ప్రకృతితో, దేశంతో అసలే వద్దు. వీటి గురించి మనం చిన్నప్పటి నుంచి వ్యాసరచన పోటీల్లో రాసిన వాక్యాలు చేతిలో సిద్ధంగా ఉంటాయి. అమ్మ గురించి రాద్దామని కూర్చుంటే పెన్ను తనంతట తానే 'త్యాగమూర్తి' అని రాసేస్తుంది, మనం అడ్డుపడేలోపే. అమ్మ పేజీ పదో వారమో ఇరవయ్యో వారమో రాద్దురు గాని. అప్పటికి చెయ్యి కాస్త లొంగుతుంది.

మొదటి వారం ఇలా చేయండి. పొద్దున లేచినప్పటి నుంచి పది గంటల దాకా మీరు ముట్టుకున్న వస్తువులన్నీ ఒక కాగితం మీద వేయండి. ఒక్కో వస్తువు పక్కన, అది మీ దాకా రావడానికి ఎవరి చెయ్యి పడిందో రాయండి. నేను చేసినప్పుడు కాఫీ దగ్గరే ఆరుగురు తేలారు. మూడో అంతస్తుకి గ్యాస్ బండ మోసుకొచ్చే అబ్బాయి, తెల్లారకుండా పాల ప్యాకెట్లు గుమ్మానికి తగిలించి వెళ్ళే మనిషి, ఇలాంటివాళ్ళు వరసగా వస్తారు. వాళ్ళలో ఒక్కరిని తీసుకోండి, మీకు పేరు కూడా సరిగ్గా తెలియని ఒకరిని. రేపు ఈ మనిషి రాకపోతే నా పొద్దు ఎక్కడ ఆగుతుంది అని అడిగితే ఎవరో మీకే తేలుతుంది.

ఇప్పుడు వెళ్ళి కూర్చోండి

అసలు పని ఇక్కడే. చాలామంది ఈ మెట్టు ఎక్కకుండా నేరుగా రాయడానికి దిగుతారు. నేనూ అలాగే దిగాను.

మాది రాజమండ్రి. మా వీధి మలుపులో పూలమ్మే ఆవిడ ఉంది. పన్నెండేళ్ళుగా ఆవిడ దగ్గరే కొంటున్నాను. ఆవిడ గురించి నేను రాసిన మొదటి పేజీ ఇలా మొదలైంది: "ఎండకీ వానకీ వెరవక, చెరగని చిరునవ్వుతో మా వీధికి పరిమళాలు పంచే ఆ తల్లి…" ఇంట్లో చదివి వినిపిస్తే మా అబ్బాయి, "ఎవరమ్మా, ఎలక్షన్లలో నిలబడిందా?" అన్నాడు. వాడి మాట నిజమే. ఆ వాక్యం ఎవరికైనా పనికొస్తుంది. టీ కొట్టాయనకి పెట్టినా సరిపోతుంది, పరిమళాల బదులు పొగలు అని మారిస్తే చాలు.

ఆ తర్వాత ఒక శనివారం సాయంత్రం ఆవిడ పక్కనే ముక్కాలిపీట వేసుకుని గంటసేపు కూర్చున్నాను. మొదట్లో ఆవిడకి ఇబ్బందిగా ఉంది, నాకూ ఉంది. పది నిమిషాలయ్యాక ఇద్దరం మర్చిపోయాం. ఇంటికొచ్చి రాసిన పేజీలో కొంత ఇది:

"తెల్లవారుజామున కడియపులంక మార్కెట్‌కి వెళ్ళే ఆటో ఎక్కుతుంది. విచ్చని మొగ్గలే కొంటుంది. రాత్రికి జడలో విచ్చుకోవలసినవి పొద్దున బుట్టలోనే విచ్చుకుంటే ఆ రోజు నష్టం. మొగ్గల్ని తడిగుడ్డలో చుడుతుంది. దారం ఒక కొస కాలి బొటనవేలికి తగిలిస్తుంది. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు పెట్టి, కాడలు కలిసే చోట దారం తిప్పి లాగుతుంది. కిందికి చూడదు. మనతో మాట్లాడుతూనే ఉంటుంది. మూర అంటే ఆవిడ మోచేతి నుంచి నడివేలి కొస దాకా. కొలిచాక వెంటనే తెంపదు. ఇంకో రెండు ముళ్ళు దాటించి తెంపుతుంది."

దీన్ని చదివాక మా అబ్బాయి ఏమీ అనలేదు. "రెండు ముళ్ళు దాటించి ఎందుకు?" అని మాత్రం అడిగాడు. కొసరు అన్నాను. వాడికి ఆ మాట తెలియదు.

కూర్చోవడానికి కుదరని మనుషులూ ఉంటారు. గ్యాస్ అబ్బాయి వెంట మీరు ఊరంతా తిరగలేరు. అలాంటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ళు ముందు ఏం తప్పు చేస్తారు?" కష్టసుఖాలు అడిగితే ఎవరైనా రెండు మాటల్లో తేల్చేస్తారు. పని గురించి అడిగితే మాత్రం ఎవరూ తొందరగా వదలరు. బండ ఏ భుజం మీద పెట్టుకోవాలో, మెట్లెక్కేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆ అబ్బాయి నాకు గుమ్మంలో నిలబడి ఐదు నిమిషాలు చెప్పాడు. వెనకాల కూర మాడింది, అది వేరే సంగతి.

రాసేటప్పుడు ముందు క్రియలు

పైన నేను రాసిన పేరాని మళ్ళీ చూడండి. ఎక్కుతుంది, కొంటుంది, చుడుతుంది, తగిలిస్తుంది, లాగుతుంది, కొలిచాక, తెంపదు, దాటించి. మొదటి చిత్తులో వాక్యాలు పుట్టకపోతే దిగులు పడకండి. క్రియలు మాత్రం ఒకదాని కింద ఒకటి వేసుకోండి. పది క్రియలు తేలితే పేజీ వచ్చినట్టే. మూడే తేలితే మీరు ఇంకా సరిగ్గా చూడలేదన్నమాట, మళ్ళీ వెళ్ళి కూర్చోండి.

రెండోది, ఆ పనిలో ఉన్నవాళ్ళ మాటలు వాడండి. పూలు కట్టడంలో 'ఒత్తుగా', 'పలచగా' అని రెండు మాటలున్నాయి. బేరం ఎక్కువ ఆడినవాళ్ళకి మూర తగ్గదు, మాల పలచనవుతుంది. రంగురంగుల పూలూ మరువమూ కలిపి కడితే అది కదంబం. కనకాంబరాలకి వాసన ఉండదు, కానీ మల్లెల్లా తొందరగా వాడవు. అందుకే రెండూ కలిపి కడతారు. ఇవన్నీ ఆవిడ నోటి నుంచి విన్నవే. 'సుమమాలిక' అని రాయాలనిపించినప్పుడల్లా, ఆవిడ ఆ మాట వింటే ఏమంటుందో ఊహించుకుంటాను.

అర్థం కాని మాట వస్తే ఊహించి రాయకండి. ఎడమ పేజీలో ప్రశ్నగా వేసుకోండి. ఎడమ పేజీ ఖాళీగా ఉంచమన్నది అందుకే. వచ్చే వారం అడిగి జవాబు అక్కడే రాయండి.

పోలిక ఎక్కడి నుంచి తేవాలి?

పోలిక లేకుండా పేజీ నడిస్తే మంచిదే. తప్పదనిపిస్తే ఆ మనిషి పేరులోంచో పనిలోంచో తీసుకోండి, ఆకాశంలోంచి కాదు. దీనికి మా ఊళ్ళోనే, దాదాపు వెయ్యేళ్ళ కింద, ఒక మంచి ఉదాహరణ ఉంది. రాజరాజ నరేంద్రుడి కొలువులో భారతాన్ని తెలుగు చేయడానికి పూనుకున్న నన్నయ, అవతారికలోనే తనకి సాయపడిన స్నేహితుడి పేరు చెప్పాడు. ఆయన నారాయణభట్టు, కలిసి చదువుకున్నవాడు. భారత యుద్ధంలో అర్జునుడికి నారాయణుడు తోడున్నట్టు ఈయన నాకు తోడున్నాడు అని రాశాడు నన్నయ. పోలిక స్నేహితుడి పేరులోనే ఉంది, చేతిలో ఉన్న కథలోనూ ఉంది. ఇంకో సంగతి కూడా గమనించండి. కృష్ణుడు ఆ యుద్ధంలో బాణం వేయలేదు, రథం తోలాడు. పక్కనుండి నడిపించిన సాయానికి అంతకన్నా సరైన లెక్క ఏముంటుంది? అదే నారాయణభట్టుకి రాజు నందంపూడి గ్రామాన్ని దానమిస్తే, ఆ శాసనం రాసిందీ నన్నయే. తెలుగులో ఆదికవి అంటాం కదా, ఆ ఆదిలోనే ఈ పని ఉంది. ఈ మధ్య పుస్తకాలకి ముందు పేజీలో పాతిక పేర్లు కామాలు పెట్టి రాసేసే పద్ధతి చూస్తే నాకు నన్నయే నయమనిపిస్తాడు.

కొట్టేయాల్సినవి

చిత్తు పూర్తయ్యాక ఎర్ర పెన్ను తీసుకోండి. చిరునవ్వు, ఆప్యాయత, మానవత్వం, దైవస్వరూపం కనిపిస్తే కొట్టేయండి. ఏడ్చినా సరే, కొట్టేయండి.

'నిస్వార్థం' అనే మాట దగ్గర మాత్రం కాసేపు ఆగుదాం. డబ్బు తీసుకుని పని చేసేవాళ్ళని నిస్వార్థంగా సేవ చేస్తున్నారని రాయడం మనకి బాగా అలవాటు. పైకి గౌరవంలా కనిపిస్తుంది. లోపల చూస్తే, వాళ్ళకి రావలసిన నాలుగు డబ్బులు ఎగ్గొట్టడానికి దారి వేస్తుంది. పూలావిడ నా మీద ప్రేమతో తెల్లవారుజామున ఆటో ఎక్కడం లేదు. ఇంటి అద్దె కోసం, మనవరాలి ఫీజు కోసం ఎక్కుతోంది. ఆ మాట రాస్తే ఆవిడ తగ్గిపోదు. పైగా ఆ కొసరు విలువ అప్పుడే తెలుస్తుంది. డబ్బుకి పూలు అమ్మే మనిషి, డబ్బు అడగకుండా రెండు ముళ్ళు ఎక్కువ ఇస్తోంది. అంతా ఉచితమే అని రాస్తే ఇక కొసరు ఎక్కడుంటుంది?

ఎన్ని రూపాయలు, ఎన్ని గంటలు, ఎన్ని మెట్లు అన్న అంకెలు ఉంటే ఉంచండి. వాసాలు లెక్కపెట్టమన్నాను కదా.

బాకీ కూడా రాయాలి

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. నేర్పింది పూలావిడే. పేజీ బాగా కుదిరిందని మురిసిపోయి, ఒకరోజు సాయంత్రం వెళ్ళి ఆవిడకి చదివి వినిపించాను. దారం తిప్పడం ఆపకుండానే చివరిదాకా విన్నది. విని, "ఆయ్, బాగానే రాసేరు గానీ అమ్మగారూ, పోయిన శుక్రవారం బాకీ నలభై రూపాయలు రాయలేదేంటండీ?" అంది.

నిజంగానే మర్చిపోయాను. చిల్లర లేదని రేపిస్తానన్నాను, ఆ రేపు రాలేదు. అప్పటి నుంచి ప్రతి పేజీ కింద ఒక గీత గీసి, ఆ మనిషికి నేను పడ్డ బాకీ రాస్తున్నాను. డబ్బే కానక్కర్లేదు. "ఎండలో బండ దింపిన అబ్బాయికి మంచినీళ్ళు ఇవ్వలేదు" అని ఒకసారి, "పన్నెండేళ్ళుగా కొంటూ పేరు అడగలేదు" అని ఒకసారి రాశాను. రాసినప్పుడు కాస్త టెన్షన్‌గానే ఉంటుంది. పేజీ మొత్తంలో నిజంగా మన గురించి ఉండే వాక్యం అదొక్కటే కాబట్టి, దాన్ని వదలొద్దు.

ఫిర్యాదు ఉంటే అదీ రాయొచ్చు. మేలు చేసినవాళ్ళందరూ మనకి నచ్చాలని లేదు. నాకు లెక్కలు నేర్పిన మాస్టారు చెవి మెలేసేవారు. లెక్కలూ వచ్చాయి, చెవీ నొప్పెట్టింది. ఒకే పేజీలో రెండూ పడతాయి.

'ధన్యవాదాలు' లేకుండా

ఇంట్లోవాళ్ళ గురించి రాసేటప్పుడు ఈ మాట అడ్డం పడుతుంది. సభల్లో, ఉత్తరాల చివర అది బాగానే ఉంటుంది. ఇంట్లో అత్తగారు అన్నం వడ్డించాక "ధన్యవాదాలు అత్తయ్యా" అంటే ఆవిడ కంగారుపడుతుంది. మనవాళ్ళు ఈ సంగతి వేరే దారుల్లో చెబుతారు. "ఈ పులుసు నీ చేతికే కుదురుతుంది" అంటారు, "కడుపు నిండింది తల్లీ" అంటారు. పెద్దవాళ్ళైతే "చల్లగా ఉండు నాయనా" అని దీవిస్తారు. కొందరు ఏమీ అనరు, ఇంకో గరిటె వేయమని కంచం ముందుకి జరుపుతారు. మీ ఇంట్లో ఏ దారిలో చెబుతారో వినండి, అదే రాయండి. కంచం జరపడం రాస్తే, థాంక్స్ అని రాయాల్సిన పని ఉండదు.

పేజీని చేరవేయడం

రాసింది పుస్తకంలోనే ఉండిపోతే సగమే అయినట్టు. చదవగలిగినవాళ్ళకి కాపీ ఇవ్వండి. చదువు రానివాళ్ళకి చదివి వినిపించండి, వాళ్ళు పనిలో ఉండగానే. చేతులు ఖాళీగా పెట్టి కూర్చోబెట్టి వినిపిస్తే ఇద్దరికీ సిగ్గేస్తుంది. వాళ్ళు ఏదైనా తప్పని చెబితే వెంటనే దిద్దండి. నేను మొదట 'నార' అని రాస్తే ఆవిడే దారం అని దిద్దింది. అరటి నార అయితే ముందు నానబెట్టుకోవాలి, ఇప్పుడంత తీరిక ఎక్కడిది అంది. అడగకుండా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. మీరు చేసే పని వాళ్ళ గురించి, మీ లైకుల గురించి కాదు.

దూరాన ఉన్నవాళ్ళకి పోస్టుకార్డు వేయండి. మన దేశంలో 1879లో కాలణాకి మొదలైన కార్డు ఇప్పటికీ 50 పైసలే. అందులో పట్టేది పది పన్నెండు వాక్యాలు, అందుకని పొగడ్తలు వాటంతటవే రాలిపోతాయి. పైగా పోస్ట్‌మ్యాన్ కూడా చదువుతాడు. చదవనివ్వండి.

ఇక చేరవేయడానికి మనిషే లేకపోతే? అలాంటి పేజీ నా దగ్గర ఒకటి ఉంది. ఇంటర్ అయిన వేసవిలో టైపు నేర్పిన మాస్టారిది. వేళ్ళు అక్షరాలు వెతకకూడదని కీబోర్డు మీద తుండుగుడ్డ కప్పేవారు. తప్పు పడితే ఏమీ అనేవారు కాదు, రిబ్బన్ వైపు చూపుడువేలు చూపించి వెళ్ళిపోయేవారు. ఇవాళ నేను ఇది రాస్తున్న వేళ్ళు ఆయన నేర్పినవే. కుడి పేజీ నిండింది. కింద గీత గీసి, చివరి నెల ఫీజు కట్టలేదని బాకీ కూడా రాశాను. ఎడమ పేజీలో మాత్రం ఒక ప్రశ్న అలాగే ఉండిపోయింది. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా బ్యాచ్‌లు నడిచేవి కదా, ఆయన అన్నం ఎప్పుడు, ఎక్కడ తినేవారు? మూడు నెలలు రోజూ వెళ్ళినా నేను చూడలేదు. ఆ ఇన్‌స్టిట్యూట్ ఉన్న మేడ మీద ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది. కింద కిళ్ళీకొట్టు మాత్రం అలాగే ఉంది, అదే మనిషి, జుట్టు నెరిసిందంతే. వచ్చే ఆదివారం వెళ్ళి అతన్ని అడగాలి.